ల్యాబులో దాచిన ఫైలు ఎక్కడుంది?

అర్ధ సంవత్సర పరీక్షకు రెండు రోజుల ముందు మా బడిలో పదో తరగతి సాంఘిక శాస్త్రం ప్రశ్నపత్రం రెండు రూపాల్లో బయటపడింది. నెట్ లేని మధ్యాహ్నం ల్యాబులో ఒకరు ఒక కంప్యూటర్‌లో ప్రశ్నలు సరిదిద్దారు. ఇంకొకరు మరో కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిచి మార్కులు మార్చారు. నెట్ వచ్చాక రెండూ డ్రైవ్‌లోకి ఎక్కాయి. జిరాక్సుకు వెళ్లింది మాత్రం సరిదిద్దనిది! పరీక్ష గదిలో బోర్డు మీద సవరణలు రాసి ఎలాగో గట్టెక్కాము.

తమిళ మాధ్యమం వారికి ఇది చిన్న విషయమే. గైడ్లు, మాదిరి ప్రశ్నపత్రాలు వారికి అంగట్లో దొరుకుతాయి. వేలూరు, గుడియాత్తం వైపు తెలుగు బడుల్లో పాఠ్యపుస్తకం దాటితే చాలావరకు టీచర్లు కూర్చుని టైపు చేసుకున్నదే. 2006 చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగుకు దొరికే వేళ ఎంతో మనకు తెలుసు. ఆ వేళలో చేసిన పని పోతే రెండోసారి ఎప్పుడు చేస్తాం?

నెట్ లేనప్పుడు సేవ్ చేసిన ఫైలు డ్రైవ్‌కు చేరదు. ఆ ఒక్క కంప్యూటర్‌లో, ఆ ఒక్క లాగిన్ కింద ఆగి ఉంటుంది. అదే లాగిన్‌తో, అదే యంత్రం మీద నెట్ వచ్చినప్పుడే పైకి వెళుతుంది. ఈలోగా మెకానిక్ వచ్చి ఫార్మాట్ చేస్తే అంతే సంగతులు. కొన్ని ల్యాబుల్లో ఆఫ్ చేసి ఆన్ చేయగానే యంత్రం పాత స్థితికి వెళ్లేలా అమర్చి ఉంటారు. అక్కడ పిల్లవాడు నిన్న చేసిన ప్రాజెక్టు ఈరోజు ఉండదు. వాడు అబద్ధం చెబుతున్నాడని మనం కోప్పడతాం.

ఆ పరీక్ష తర్వాత మేము ల్యాబు బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాము. ఏ ఫైలు ఎవరు తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి పెట్టారో అందులో రాస్తాము. ఒక ఫైలు ఒకసారి ఒకరి చేతిలోనే. పేరులో తేదీ తప్పదు. ల్యాబు కంప్యూటర్లు తీగతో ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి బయటి నెట్ పోయినా లోపలి షేర్డ్ ఫోల్డరు పనిచేస్తుంది. ఈ సంగతి మాకే ఆలస్యంగా తెలిసింది. శుక్రవారం సాయంత్రం ఆ ఫోల్డరు మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి హెడ్‌మాస్టరు గారి బీరువాలో పెడతాము.

ఇంకో చిక్కు ఫాంటు. అను ఫాంటులో టైపు చేసిన పాఠం, ఆ ఫాంటు లేని యంత్రంలో పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. ఫైలు చెడిపోయిందనుకుని తుడిచేసిన వారున్నారు. కొత్తగా చేసేదైనా యూనికోడ్‌లో చేయాలి.

మార్కుల జాబితాలు, పిల్లల ఫొటోలు, ఆధార్ వివరాలు మాత్రం ఈ షేర్డ్ ఫోల్డరులో పెట్టకూడదు. పదిమంది వాడే కంప్యూటర్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం ఆన్ చేయవద్దని గూగులే చెబుతోంది. టీచరు సొంత లాగిన్ తెరిచి ఉంచి తరగతికి వెళ్లడం మన బడుల్లో మామూలైపోయింది. అది వెంటనే మానాలి.

తల్లిదండ్రులు వచ్చే సమావేశంలో ఒక్క మాట అడగండి: మా అమ్మాయి చేసిన ప్రాజెక్టుకు ఇంకో కాపీ ఎక్కడుంది? చూపించమని కూడా అడగండి.