ఐస్ హాకీ అర్థం కావాలంటే చెడుగుడు చాలు

టొరంటోలోనో బోస్టన్‌లోనో ఉండే మనవాళ్ళు చాలామంది శనివారం తెల్లారకముందే పిల్లాణ్ణి రింక్ దగ్గర దింపి, చేతిలో కాఫీతో, ఫోన్లో క్రికెట్ స్కోరు చూసుకుంటూ కూర్చుంటారు. నేనూ రెండేళ్ళు అలాగే కూర్చున్నాను. "నాన్నా, మా పెనాల్టీ కిల్ చూశావా?" అని మావాడు అడిగితే "అదిరింది రా" అనేసేవాణ్ణి. నేను చూడలేదని వాడికి తెలిసిపోయింది. అడగడం మానేశాడు.

ఇది మనకి అర్థమయ్యే ఆట కాదు అనుకోవడం నామటుకు నాకు ఒట్టి బద్ధకమనిపిస్తోందిప్పుడు. అవనిగడ్డ, నాగాయలంక వైపు కోతలయ్యాక చేలో గీతలు గీసుకుని చెడుగుడు ఆడినవాడికి ఈ ఆట సగం వచ్చేసినట్టే.

ఆఫ్‌సైడ్ సంగతే చూడండి. రింక్‌కి అడ్డంగా రెండు నీలిగీతలుంటాయి. అవతలివాళ్ళ నీలిగీతని ముందు పక్ దాటాలి, తర్వాతే మనవాళ్ళు. చెడుగుడులో కూత మొదలెట్టకుండా గీత దాటితే ఒప్పుకుంటామా? ఇక్కడ పక్కే కూత. పెద్దవాళ్ళ ఆటలో భుజంతో గుద్దేది కూడా పక్ ఉన్నవాణ్ణే. మనం పట్టేదీ కూతకొచ్చినవాణ్ణే కదా!

ఇక పవర్ ప్లే. గోలీ కాక జట్టుకి ఐదుగురు. చిన్న తప్పు చేసినవాడు 2 నిమిషాలు పెనాల్టీ బాక్సులో కూర్చోవాలి. మిగిలిన నలుగురూ పక్ వెనకాల పరిగెత్తరు. గోలు ముందు నాలుగు మూలలుగా నిలబడి నడిమి దారి మూసేస్తారు. అదే పెనాల్టీ కిల్. మన జట్టులో నలుగురే మిగిలినప్పుడు మనమూ ఎగబడం, చేతులు పట్టుకుని వచ్చినవాడు లోపలికి దిగేదాకా ఆగుతాం.

బలం తగ్గినవాడికి రెండు ఆటలూ కాస్త ఊపిరినిస్తాయి. కబడ్డీలో ముగ్గురో అంతకన్నా తక్కువో ఉండి పట్టేస్తే ఒక పాయింటు అదనం. హాకీలో మన సగంలోంచి పక్‌ని అవతలి గోలు గీత దాటేలా ఊరికే కొట్టిపారేస్తే ఐసింగని ఆట ఆపేస్తారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మనిషి తక్కువైన జట్టుకి మాత్రం అది మాఫీ.

ఒక్కచోట లెక్క తిరగబడుతుంది. కబడ్డీలో మనకి పాయింటొస్తే బయటున్న మనవాడు లోపలికొస్తాడు. హాకీలో అవతలివాళ్ళు గోలు కొడితే, ఆ 2 నిమిషాలూ పూర్తికాకపోయినా మనవాడు బయటపడతాడు. ఇది తెలిశాకే బాక్సులో కూర్చున్న పిల్లల మొహాల్లో ఏముంటుందో నాకు అర్థమైంది. మనవల్ల గోలు పడితేనే మనకి విడుదల!

ఈ మాటలకి తెలుగేమిటని కుస్తీ పట్టే మిత్రులకో మనవి. 2014లో ప్రో కబడ్డీ వచ్చాక రైడర్, సూపర్ టాకిల్ లాంటి మాటలు టీవీలో వినగానే మనకి తెలిసిపోయాయి. ఎవరూ అనువదించలేదు, ఆట ముందే తెలుసు కాబట్టి అర్థమయ్యాయి. ఐసింగ్‌ని ఐసింగనే అనండి. కాకపోతే దాన్ని మీకు తెలిసిన ఆటలోంచి అర్థం చేసుకోండి. బందరులోనో గుడివాడలోనో ఆడిన ఆటని పాత జ్ఞాపకాల కింద కట్టిపెట్టేస్తే ఎవరికి లాభం?

మొన్నో ఆట అయ్యాక కారులో మావాడితో, "మీ నలుగురూ మూలలు వదల్లేదు, బావుంది. చివర్లో నువ్వు మాత్రం బయటికి రాకుండా ఇంకాసేపు ఉండిపోయావు, కూత తెగిపోయింది" అన్నాను. ముప్పావు నిమిషానికోసారి మనుషులు మారిపోయే ఆట మరి, దమ్మయిపోయాక ఉండకూడదు.

కాసేపాగి, "కూత అంటే ఏంటి నాన్నా?" అన్నాడు.

ఇల్లు చేరేదాకా అదే చెప్పాను. ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూపించాలి.