పాటకు చప్పట్లు, పోరాటమునకు మౌనమా?

1990వ దశకమున అమెరికాలో వర్ధిల్లిన ఆల్టర్నేటివ్ రాక్ బృందముల పాటలను నేఁటికిని కొనియాడువారు పెక్కండ్రు గలరు. వానిలో నొక బృందము సల్పిన పోరాటమును స్మరించువారెందఱు?

సియాటిల్ నగరపు పెర్ల్ జామ్ వారి రెండవ ఆల్బము 1993లో తొలివారముననే తొమ్మిది లక్షలకు మించి అమ్ముడుపోయెను. అంతటి ఖ్యాతి గలవారు తమ కచేరీ టిక్కెట్టు, రుసుముతో సహా, 20 డాలర్లు దాటరాదని పట్టుపట్టిరి. టికెట్‌మాస్టర్ కంపెనీ గుత్తాధిపత్యము చెలాయించుచున్నదని 1994లో న్యాయశాఖకు ఫిర్యాదు చేసిరి. వేసవి యాత్రను మానుకొనిరి. ఇద్దఱు సభ్యులు కాంగ్రెసు ఉపసంఘము నెదుట సాక్ష్యమిచ్చిరి. 1995లో న్యాయశాఖ విచారణను కట్టిపెట్టెను. 1998లో బృందమువారు ఆ కంపెనీ గడపనే మరల త్రొక్కవలసివచ్చెను.

ధర యెక్కువైనచో కొనకుండుఁడని కొందఱందురు. కచేరీశాలలలో పెక్కు ఒకే కంపెనీతో ఒడంబడికలు చేసికొనినప్పుడు శ్రోతకు వేఱొక ద్వారమేది? 2010లో ఆ కంపెనీ, కచేరీలు నడపు లైవ్ నేషన్‌తో ఏకమయ్యెను. 2024లో అదే న్యాయశాఖ ఆ సంస్థపై గుత్తాధిపత్య వ్యాజ్యము తెచ్చెను. ముప్పదియేండ్ల క్రిందట గాయకులు మొఱపెట్టినదియు నిదియే కదా!

మేము నిందించునది కంపెనీని మాత్రమే కాదు. తోడి బృందములలో పెక్కు మిన్నకుండెను. శ్రోతలు చప్పట్లు కొట్టి, అడిగినంత చెల్లించిరి. పాటను ప్రేమించువారు, బీదవాఁడు పాటను చేరు త్రోవను గూడ కాపాడవలెను.