బోరు కొట్టించే ముందు ఒక కాగితం అడగండి

ఈసారి చెప్పేది నీళ్ల బోరు గురించి కాదండీ, ఇంజను బోరు గురించి. కాస్త పొడుగ్గానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

మొన్న రబీలో మా మొక్కజొన్న పూతకొచ్చింది. కాలవ మీద మా వంతు వచ్చిన రాత్రే ఆయిల్ ఇంజను ఆగింది. గేజి పుల్ల తీసి చూస్తే ఆయిల్ మజ్జిగలాగా తెల్లగా ఉంది. నీళ్లు కలిశాయన్నమాట. రెండు నెలల కిందటే బోరు కొట్టించిన ఇంజను అది! విప్పి చూస్తే సిలిండరు గోడకి లోపల్నుంచి గుండుసూది బెజ్జం. అద్దెకి ఇంకో ఇంజను దొరికేసరికి వంతు దాటిపోయింది. పూత మీద తడి తప్పితే కంకి ఎట్టా ఉంటదో మీకు నేను చెప్పాలా?

తప్పు షాపు వాడి ఒక్కడిదే అనను. సగం నాది. మనం షాపుకెళ్లి అడిగేది రెండే మాటలు. "ఎంత అయిద్ది? ఎప్పుడిస్తావు?" అసలు అడగాల్సింది "ఎంత కోస్తావు? కోశాక ఎంత మిగిలిద్ది?" అని.

లెక్క చూడండి. కొత్త ఇంజను స్టాండర్డ్ సైజులో వస్తది. అరిగాక 10, 20, 30, 40 థౌ ఓవర్ సైజు పిస్టన్లు వేస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 40 థౌ అంటే సుమారు 1 మిల్లీమీటరు. అన్ని ఇంజన్లకీ అన్ని సైజులూ ఉండవు. ఎందాకా కోయొచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటది, అదే హద్దు. వ్యాసంలో 1 మిల్లీమీటరు పెరిగితే గోడ ఒక్కో వైపు తగ్గేది అర మిల్లీమీటరే. "ఇంతేగా" అనిపిస్తది. నేనూ అట్టాగే అనుకున్నా.

కానీ లోపల్నుంచి మనం కోస్తుంటే బయట్నుంచి నీళ్లు తింటున్నాయి. మన ఇంజన్లకి చల్లబరిచే నీళ్లు ఎక్కడివి? పంపులోంచి వచ్చే కాలవ నీళ్లే. ఒండ్రు పేరుకుంటది, తుప్పు పట్టిద్ది, గోడకి గుంటలు పడతాయి. బోరు గేజి లోపలి సైజు చెప్పిద్ది గానీ అవతలి గుంట సంగతి చెప్పదు. నాది మూడోసారి కొట్టించి 40కి చేర్చిన బోరు. సైజు హద్దులోనే ఉంది, గోడే లేదు.

అందుకని నా మాట ఇది. కోసే ముందు కొలతలు కాగితం మీద రాసివ్వని చోట బ్లాకు దించకండి.

ఆ కాగితంలో ఏం ఉండాలంటారా? బోరు పైన, మధ్యన, కింద, ఒక్కో చోట అడ్డంగా నిలువుగా, మొత్తం ఆరు కొలతలు. రింగు తిరిగే పైభాగంలోనే అరుగుదల ఎక్కువ. అక్కడ గోటికి మెట్టు తగిలితే మీకే తెలిసిపోద్ది. పిస్టన్ ముందు కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు కోయించండి. పెట్టె మీద అంకె నమ్మి కోస్తే బిగుతై పట్టేయొచ్చు, వదులై ఆయిల్ తాగొచ్చు.

బ్లాకు పైన ఫేసింగ్ చేస్తానంటే ఎంత తీస్తున్నాడో రాయించండి. ఎక్కువ తీస్తే పిస్టన్ హెడ్డుకి, వాల్వులకి దగ్గరైపోద్ది. పాత మిస్త్రీలు పిస్టన్ మీద సీసం తీగ ముక్క పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, నలిగిన తీగ మందం కొలిచేవాళ్లు. ఆ పని చేయమని అడగండి, నామోషీ ఏం లేదు. క్రాంకు కూడా అంతే. ఒక సైజు దాటాక గట్టిదనమున్న పైపొర పోద్ది. ఆ తర్వాత ఎంత నునుపుగా గ్రైండింగ్ చేసినా నిలవదు.

"ఇన్ని అడిగితే షాపు వాడు చిరాకు పడతాడు" అంటారు కొందరు. పని తెలిసినోడు పడడండీ. కొలత అడిగే రైతు వస్తే వాడికీ మర్యాదే. "స్లీవు వేయిస్తే ఖర్చు ఎక్కువ కదా" అంటారు ఇంకొందరు. నిజమే, ఎక్కువే. ఆఖరి సైజుకి పోయే బదులు, గోడలో బలం ఉండగానే స్లీవు వేయిస్తే మళ్లీ స్టాండర్డ్ పిస్టన్ వేసుకోవచ్చు. గోడ చచ్చాక స్లీవుకి కూడా పట్టు ఉండదు. బ్లాకు పాత ఇనపసామాను కిందే లెక్క. ఆ ఖర్చుని ఇంకో బోరుతో కాదు, ఒక తడి తప్పిన ఎకరంతో పోల్చి చూడండి.

పాలకేంద్రంలో కొవ్వు శాతం చీటీ చూడకుండా డబ్బు తీసుకుంటామా? ధాన్యం తేమ కొలిచే మిషనులో అంకె చూడకుండా బస్తా ఎత్తనిస్తామా? మరి ఇంజను దగ్గరికొచ్చేసరికి ఎందుకండీ నోరు పెగలదు?

ఇప్పుడు వరి కోతల ముందు ఖాళీ ఉంది. రబీ తడులు మొదలవకముందే ఇంజను ఆయిల్ ఒకసారి చూసుకోండి. పొగ, ఆయిల్ తాగుడు ఉంటే ఇప్పుడే విప్పించండి. మీ ఇంజను ఎన్నో సైజులో ఉందో తెలిస్తే కింద రాయండి. తెలియకపోతే, ముందు అది తెలుసుకోండి.