చాపకింద కాపురం

పెంపుడు కుక్క అదేపనిగా గోక్కుంటుంటే మన ఇళ్లలో చెప్పే తీర్పు ఒకటే: మురికి పట్టింది, స్నానం చేయించండి. చేయించాకా గోక్కుంటే షాంపూ మారుతుంది, వారానికొక స్నానం రెండవుతుంది, ఆపైన వేపనూనె, పసుపు, కర్పూరం వరసకడతాయి. ఈ వైద్యమంతా నిలబడింది ఒక్క నమ్మకం మీద: దురద ఎక్కడుంటే దాని మూలం కూడా అక్కడే ఉంటుందని. ఫ్లీ అనే చిన్న రక్తం తాగే పురుగుల విషయంలో ఆ నమ్మకం పూర్తిగా తలకిందులు. దురద కుక్క ఒంటి మీద, కాపురం మాత్రం అది పడుకునే చాపకింద, సోఫా సందుల్లో, మంచం కింది దుమ్ములో. ఆ కాపురం జోలికి వెళ్లనంత కాలం కుక్క మీద ఎన్ని బకెట్లు గుమ్మరించినా నీళ్ల దండగే.

కుక్క మీద కనబడ్డ ప్రతి పురుగునూ గోమారి అనేయడంతోనే పొరపాటు మొదలవుతోంది. గోమారి, అదే పిడుదు, చర్మంలో నోరు గుచ్చి రోజుల తరబడి కదలకుండా ఉండి, రక్తం తాగి శనగగింజలా ఉబ్బుతుంది. ఫ్లీ అలా కాదు. నువ్వుగింజను మించదు, రెక్కలుండవు. రెండు పక్కలా నొక్కినట్టు పలచగా ఉండి బొచ్చులో జారిపోతుంది, వేలు పెట్టేలోగా దూకేస్తుంది. ఆడ ఫ్లీ రోజుకు 40 నుంచి 50 గుడ్లు పెట్టగలదు. అవి నున్నగా ఉంటాయి కాబట్టి బొచ్చుకు అంటుకోవు. కుక్క ఒళ్లు దులుపుకున్న చోటల్లా రాలతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల పురుగులు వెలుతురుకు ముఖం చాటేసి నేల పగుళ్లలో, పరుపు మడతల్లో దూరి, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తం తిని పెరుగుతాయి. తర్వాత దుమ్ము అంటిన గూడు కట్టుకుంటాయి. ఆ గూడులోకి మందు సరిగా చొరబడదు. లోపలి పురుగు నెలల తరబడి కాచుకుని, అడుగుల చప్పుడో ఒంటి వేడో తగలగానే బయటికి దూకుతుంది. సెలవులకు ఊరెళ్లి వచ్చి తాళం తీసిన ఇంట్లో మడమలను ఒక్కసారిగా ఫ్లీలు కుట్టడానికి కారణం ఇదే. మొత్తం సంతతిలో కుక్క మీద ఉండేవి సుమారు 5 శాతమే. స్నానం ఆ అయిదింటిలో కొన్నిటిని కడుగుతుంది. మిగతా తొంభై అయిదు ఇంట్లో క్షేమం.

‘మా కుక్క మీద ఒక్క పురుగూ కనబడలేదే’ అన్నది మొదటి అభ్యంతరం. కనబడకపోవడం లేకపోవడం కాదు. చాలా కుక్కలకు ఫ్లీ లాలాజలం పడదు. అలాంటి కుక్కకు ఏ కొన్ని కాట్లు పడినా రోజుల పాటు దురద వదలదు. పైగా అది నాకి, కొరికి ఆ పురుగులను తానే మింగేస్తుంది. అలా మింగిన ఫ్లీల వల్లే కడుపులో బద్దెపురుగు కూడా చేరవచ్చు. పురుగును వెతికే బదులు దాని ఆనవాలు వెతకాలి. తోక మొదలు, నడుము, తొడల వెనక బొచ్చు ఊడి చర్మం ఎర్రబడిందేమో చూడాలి. అక్కడ సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి రవ్వలను తడిపిన తెల్లగుడ్డ మీద వేయాలి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. ఆ రవ్వ చుట్టూ ఎర్రగోధుమ మరక పాకితే అది రక్తం, అంటే ఫ్లీ మలం.

రెండో అభ్యంతరం ఫ్లీ మందుల భయం. అది పూర్తిగా వట్టిది కాదు. నోటి ద్వారా ఇచ్చే ఐసాక్సజోలిన్ తరగతి మందులతో కొన్ని కుక్కలకు మూర్ఛ రావచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. అందుకే కుక్క బరువు, వయసు, పాత జబ్బులు చూసి పశువైద్యుడే మందు నిర్ణయించాలి. అయితే ఇంటివైద్యమంతా నిరపాయమనుకోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం. కర్పూరం నాకితే కుక్కకు విషం, కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, గమాక్సిన్ పొడిలోని లిండేన్ వాడకాన్ని మన దేశం 2013లోనే నిషేధించింది. వేపకు పురుగుల ఎదుగుదలను అడ్డుకునే గుణం ఉన్నమాట నిజమే. కానీ వీపు మీద రాసిన నూనె సోఫా సందులోని గూటికి ఎలా చేరుతుంది? అన్నిటికన్నా విచిత్రం, మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు చర్మంలోని నూనెతో ఒళ్లంతా పాకాలి. ఆ మందు వేసే ముందూ తర్వాతా రెండు రోజులు స్నానం వద్దంటారు. మురికి భయంతో చేయించే స్నానమే మందును చెడగొడుతుందన్నమాట.

దురదలన్నీ ఫ్లీల వల్లే రావు. గజ్జి, ఫంగస్, తిండి పడకపోవడం కూడా కారణాలే. మూడు నెలలు మందు తప్పకుండా వేసినా తగ్గకపోతే ఫ్లీలను వదిలి వాటి మీద దృష్టి పెట్టాలి. ఆ మూడు నెలల గడువు ఊరికే పెట్టింది కాదు. గూళ్లలో కాచుకున్నవన్నీ బయటపడి చావడానికి పట్టే కాలం అది. ఇంట్లోని కుక్కలన్నిటికీ, పిల్లికీ ఒకేసారి చికిత్స జరగాలి. పెర్మెత్రిన్ ఉన్న కుక్కమందు పిల్లికి ప్రాణాంతకం కాబట్టి దాని మందు వేరు. రోజూ మూలమూలా ఊడ్చి, ఆ చెత్తను ఇంట్లో ఉంచకుండా పారేయాలి. ఇక ఆ బకెట్ నీళ్లంటారా, వాటిని బాగా మరగబెట్టి ముందు కుక్క చాప మీద పోయండి.