ఇంటి ఫోనుకి ఏ పెట్టె మంచిది?

చెల్లెమ్మలూ, రాగి తీగ తీసేసి ఫైబరు వేశాక ఇంటి ఫోను ఇంటర్నెట్ పెట్టెకే తగిలించాలి కదా! అందులో రెండు రకాలున్నాయి.

ఒకటి, కంపెనీవాళ్లే అన్నీ అమర్చి తెచ్చేది. మన పాత ఫోను వైరు దానికి గుచ్చితే చాలు. రెండోది, మనం కొనుక్కునే అడాప్టరు. సర్వర్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మనమే ఎక్కించుకోవాలి. ఆ వివరాలు కంపెనీ ఇస్తుందో లేదో కొనకముందే అడగండి. ఇస్తే పాల లెక్కల పుస్తకంలో రాసి ఉంచండి. దుమ్ము తుడుస్తూ రీసెట్ నొక్కామంటే అన్నీ చెరిగిపోతాయి మరి!

మా అబ్బాయి రెండోదే కావాలన్నాడు. "నువ్వు విశాఖ వెళ్లిపోతే ఎవరు చూస్తార్రా?" అని నేను మొదటిదే పెట్టించాను.

ఏది కొన్నా ఒకటి మరవకండి. పాత ఫోనుకి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఇంట్లో దీపం ఆరినా ఫోను మోగేది. ఈ పెట్టెలు అలా కాదు, కరెంటు పోతే మూగవే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటాక మన ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉండిపోలేదూ? పెట్టెని ఇన్వర్టరు లైనుకి కలిపించండి. ఫైబరే తెగితే అదీ పనికిరాదు. అందుకని తుపాను కబురు వినగానే సెల్లు నిండా ఛార్జి పెట్టుకోండి.