నవల అబద్ధమా? జీవిత చరిత్ర నిజమా?

"బి.ఎస్సీ. చదివేవాడికి నవలలెందుకోయ్! గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు చదువు, నాలుగు మంచి గుణాలు వంటబడతాయి" అని పెద్దలు తరచు మాకు చెబుతూ ఉంటారు. వారి ఉద్దేశం మంచిదే. జీవిత చరిత్ర జరిగిన కథ గనుక నిజమనీ, నవల కల్పించిన కథ గనుక కాలక్షేపమనీ వారి లెక్క. ఆ లెక్క నాకు సరిపడటం లేదు. ఎందుకు సరిపడదో, ఈ రెండేళ్ళలో చదివిన కాసిని పుస్తకాల సాయంతో చెప్పాలని నా ప్రయత్నం.

మేరీ క్యూరీ జీవిత చరిత్ర సంగతే చూడండి. ఆమె చిన్న కూతురు ఈవ్ రాసిన ఆ పుస్తకం 1937లో వెలువడింది. చదవనివాళ్ళు తప్పక చదవాలి. 1898 నుంచి 1902 దాకా పారిస్‌లో వాన కారే ఒక పాత షెడ్డులో, టన్నుల కొద్దీ పిచ్‌బ్లెండ్ ఖనిజాన్ని మరగబెట్టి, వడగట్టి, స్ఫటికాలు చేసి చివరకు గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడ్ తీశారు ఆ దంపతులు. ఇంచుమించు తనంత పొడుగున్న ఇనప కడ్డీతో మేరీ రోజంతా ఆ ద్రావణాన్ని కలిపేదట. బెల్లం పెనం దగ్గర తెడ్డు పట్టుకొని నిలబడ్డవాళ్ళకు ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు. ప్రాక్టికల్ క్లాసులో రెండు గంటలు సాల్ట్ ఎనాలిసిస్ చేసి మేము పడే విసుగు ఇంతా అంతా కాదు!

అయితే ఒక ప్రశ్న. ఈవ్ పుట్టింది 1904 డిసెంబరులో. ఆ షెడ్డులో జరిగిన పని ఏదీ ఆమె కళ్ళారా చూసింది కాదు. ఉత్తరాలు చదివి, వాళ్ళూ వీళ్ళూ చెప్పింది విని, మిగతాది ఊహించుకొని రాసింది. అంటే నవలాకారుడి పని అందులోనూ కొంత ఉందన్నమాట. ఇక 1911లో లాంజవాన్ అనే శాస్త్రజ్ఞుడితో స్నేహాన్ని పట్టుకొని పత్రికలు మేరీని బజారుకీడ్చాయి. రెండో నోబెల్ బహుమతి వచ్చింది ఆ ఏడే. ఆ వ్యవహారాన్ని కూతురు పేరెత్తకుండానే దాటేసింది. నేను తప్పు పట్టను. తల్లి గురించి ఏ బిడ్డ రాస్తుంది? కాని జీవిత చరిత్రంటే అంతా నిజమే అనేవారు, ఇలా మరుగుపరచిన నిజాన్ని ఏ పద్దు కింద వేస్తారు?

ఇప్పుడు "అబద్ధం" సంగతికి వస్తాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైలులో ఉండి రాసిన 'మాలపల్లి' 1922లో అచ్చయింది. సంగదాసు అనే మనిషి ఏ ఊళ్ళోనూ పుట్టలేదు. అయినా తెల్ల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. వట్టి కల్పనకు అంత భయమెందుకో! అందులో కూలి తగాదా ఉంది. ధాన్యం ధర పెరిగిన రోజుల్లో భూస్వామి చౌదరయ్య గింజలు కొలవటం మాని డబ్బు కూలి ఇస్తానంటాడు. ఆ డబ్బుకు కడుపు నిండదు. కూలీల తరఫున నిలబడ్డ సంగదాసు చౌదరయ్య చేతిలోనే చచ్చిపోతాడు.

మేము కూడా కూలి ఇచ్చేవాళ్ళమే గాని పుచ్చుకునేవాళ్ళం కాదు. ఉన్న అయిదెకరాలకూ నాట్లకూ కోతలకూ మనుషులు రావలసిందే. ఆ ఘట్టం మా నాయనకు చదివి వినిపించాను. అంతా విని, "రైతుకు అయ్యే ఖర్చు లెక్క కూడా రాశాడా ఆయన?" అన్నాడు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది. మా అమ్మ మాత్రం చాటలో బియ్యం ఏరుతూ, "మనకు గిట్టకపోతే వాళ్ళ కడుపు మీదా కొట్టేది?" అంది. రెండు రోజులు ఇంట్లో అదే వాదన. ఎన్ని జీవిత చరిత్రలు చదివినా మా ఇంట్లో ఆ మాట వచ్చేదనుకోను. మేరీ క్యూరీని చదివితే ఆమెలా కావాలనిపిస్తుంది. సంగదాసును చదివితే మన గట్టు మీద నుంచి దిగి, మన పొలంలో వంగి నాటే మనిషి పక్కకు వెళ్ళి చూడవలసి వస్తుంది. అది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంకో సంగతి. వీరేశలింగం గారు, ప్రకాశం గారు తమ కథలు తామే రాసుకున్నారు. మా తాత కథ ఎవరు రాస్తారు? ఆయన వెనక మిగిలిన కాగితాలు పట్టాదారు పాసుపుస్తకమూ, సొసైటీ అప్పు రసీదులూను. చేను చేజారిపోయిన రైతు మనసు ఏమవుతుందో తెలియాలంటే కేశవరెడ్డి గారి 'మూగవాని పిల్లనగ్రోవి'లో బక్కిరెడ్డి దగ్గరికే వెళ్ళాలి. ఆ రచయిత వృత్తి కుష్ఠు రోగులకు వైద్యం చేయటం. 'అతడు–ఆమె' రాసిన ఉప్పల లక్ష్మణరావు గారు వృక్షశాస్త్రవేత్త. సైన్సు వాళ్ళకూ నవలకూ ఏం సంబంధమని అడిగేవారికి ఈ రెండు పేర్లు చాలు.

పనికిమాలిన నవలలు లేవనను, బోలెడున్నాయి. ఉయ్యాల్లోంచే మహానుభావుడైన వాడి జీవిత చరిత్రలూ అన్ని ఉన్నాయి. కాని మా లైబ్రరీలో జీవిత చరిత్రలు చేతికందే బీరువాల్లో, నవలలు తాళం వేసిన అల్మరాలో ఉంటాయి. 'మాలపల్లి' కావాలని అడిగితే తాళం చెవి వెతకటానికే అరగంట పట్టింది. అట్ట వెనక అంటించిన చీటీ మీద నాకు ముందు పడిన తేదీ ముద్ర పదకొండేళ్ళ కిందటిది. పోయిన వారమే పుస్తకం తిరిగి ఇచ్చేశాను. పై నుంచి రెండో అరలో ఉంది.