అమ్మానాన్నలొస్తే అంగ్కోర్ చూపించండి

కౌలాలంపూర్‌లో ఉండే మనవాళ్ళం ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే ఏం చూపిస్తాం? ట్విన్ టవర్స్, బటు కేవ్స్, గెంటింగ్, ఆపైన మాల్స్. పాపం వాళ్ళు "బావుంది, బావుంది" అంటూనే కూర్చోడానికి బెంచీ ఎక్కడుందా అని వెతుక్కుంటారు. నా మాట విని ఈసారి కంబోడియా తీసుకెళ్ళండి. సియెం రీప్‌కి విమానంలో రెండు గంటల పైచిలుకు, అంతే.

చాలామంది అంగ్కోర్ వాట్ ముందు సూర్యోదయం ఫోటో తీసుకుని వచ్చేస్తారు. అసలు సంగతంతా లోపల గోడల మీద ఉందండీ! రెండో సూర్యవర్మ 12వ శతాబ్దంలో విష్ణువుకి కట్టించిన గుడి ఇది, తర్వాత బౌద్ధులదయింది. పడమటి గోడ మీద ఒకవైపు కురుక్షేత్రం, అంపశయ్య మీద భీష్ముడు. ఇంకోవైపు లంకాయుద్ధం. తూర్పు గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం. మా నాన్నగారు గైడుని కూడా ఆపేసి, ఒక్కో బొమ్మా చూపిస్తూ పిల్లలకి కథ చెప్పుకుపోయారు. పరాయి ఊళ్ళో ఎప్పుడూ మా వెనకాల నడిచే మనిషి అక్కడ మాకు ముందు నడిచారు.

ఒక్కరోజు టికెట్టు 37 డాలర్లు, మూడురోజులది 62. మూడురోజులదే కొనండి, పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. పెద్దవాళ్ళతో రోజుకో గోడ చాలు. పై అంతస్తు మెట్లు బాగా నిటారు, ఎక్కకపోయినా ఫరవాలేదు. నేను చెప్పిన బొమ్మలన్నీ కిందే ఉన్నాయి.

మనకి సెలవులు మళ్ళీ దొరుకుతాయి. వాళ్ళ మోకాళ్ళు మనకోసం ఆగవు కదా!